నడుముకు దిగువన

కొర్లగుంటలో టైర్లంగడి పైన మిద్దె.
మెట్లెక్కేసరికి రబ్బరు కాలిన వాసన.
తొంభై దినాల కోర్సు, పదో తరగతి పాసు కావాల.
నాది ఫెయిలు. లెక్కల్లో పద్దెనిమిది.
నాదముని సారు కండ్లద్దాలు పైకి తోసి
"చేరొచ్చులే, సర్టిఫికెట్టు మాత్రం చిన్నది ఇస్తారు" అన్నాడు.
సర్టిఫికెట్లకు కూడా చిన్నంచు పెద్దంచు ఉంటాయని
ఆ పొద్దే తెలిసింది.

అప్లికేషన్లో ఒక గడి: పూర్వానుభవం.
ఆరేండ్లు, అని రాసినా.
ఆస్పత్రి పేరేందన్నాడు.
మా ఇల్లు సార్, అన్నా.
తెల్లరంగు పూసి, ఆరేదాకా ఊది,
దాని మీద 'లేదు' అని రాసినాడు, పాపం,
అక్షరం మాత్రం గుండ్రంగా.

క్లాసులో ఒక బొమ్మ ఉండాది.
దానికి పేరు లేదు, ఎడం చెవి లేదు, నొప్పి లేదు.
రెండు గంటలకొక తూరి దాన్ని పక్కకు తిప్పాల.
పుత్తూరు పిల్లోళ్ళు, నర్సింగు సీటు రానోళ్ళు,
చెయ్యి పట్టుకోని లాగతా ఉంటే
నా నోరు ఊరుకోలే:
భుజం ఊడొస్తాది పాపా,
తుంటి కింద చెయ్యి పెట్టు, నీ మోకాలు మంచానికి ఆనించు.
ఎస్తేరమ్మ సిస్టరు నన్ను చూసింది. ఏమీ అనలే.
మర్నాటి నుంచి దుప్పటి పరిచే పని నాది.
దుప్పట్లో మడత మిగిలితే అది రేపటికి పుండు.
పుస్తకంలో నలభయ్యో పేజీ అంట.
నేనింకా ఆడిదాకా చదవలే.

మా ఇంటాయన సంగతి చెప్పాల.
బంగారుపాళ్యం పక్కన క్వారీలో రాయి దొర్లింది.
రాయిని తప్పించుకున్నాడు, గుంతను తప్పించుకోలే.
కాలి మీద గండుచీమ పాకినా
నేను చెప్తేనే ఆయనకు తెలిసేది.
ఆరేండ్లు. ఒక్క పుండు పడనీలే.
ఊర్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇరవైమూడో దినం పాఠం, ఉచ్చ సంచి.
సిస్టరు బోర్డు మీద మంచం గీసింది,
మనిషిని గీసింది, పైపు గీసింది,
సంచిని మంచం పట్టెకు వేలాడదీసింది.
"ఎప్పుడూ నడుముకు దిగువన.
ఎత్తులో పెడితే వెనక్కి మళ్ళుతాది,
లోపల చెడతాది, చలిజ్వరం పట్టుకుంటాది."
అందరూ రాసుకున్నారు.

ఎవురన్నా పలకరించేకి వస్తే
ఆయన కండ్లతోనే సైగ చేసేవాడు.
సంచి తీసి పక్కలో పెట్టి దుప్పటి కప్పేదాన్ని,
తొడకు ఆనించి, ఎవురికీ కనపడకుండా.
ఆదివారం శానామంది వచ్చేవాళ్ళు.
సోమవారం వణుకు.
దిష్టి అనుకుంటిమి.
ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తిమి,
ఘాటు రాలేదని భయపడితిమి.

బాత్రూములో కొళాయి తిప్పి కూర్చున్నా.
సిస్టరు తలుపు తట్టలే. బయటే నిలబడి
"డిల్లెమ్మా, నీకెవురూ చెప్పలేదు గదా" అనింది.
చెప్పినారు సిస్టరూ.
డిశ్చార్జి కాగితంలో ఉండాది.
ఇంగ్లీషులో.

పరీక్షకు చిత్తూరు నుంచి ఒక మేడం వచ్చింది.
చేతులు కడిగే ఏడు పద్ధతుల్లో ఐదు చేసి మర్చిపోతిని.
బొమ్మను అడక్కుండా తిప్పకూడదు గదాని
"తిప్పుతా ఉండానప్పా" అంటే నవ్వింది.
సంచి ఎందుకు దిగువన ఉండాలని అడిగింది.
చెప్పినా.
నీళ్ళు తాగి, ఇంకోసారి చెప్పినా.

సర్టిఫికెట్టు వచ్చింది. చిన్నదే.
పేరులో ఒక లావొత్తు తగ్గింది.

ఇప్పుడు బైరాగిపట్టెడలో డ్యూటీ.
చెంగల్రాయులు, కొండ బస్సు కండక్టరు, ముప్పైనాలుగేండ్లు.
మొదటి పొద్దు
చెప్పులు విడిచి, చేతులు కడిగి, ఏడు పద్ధతులూ,
మొహం కంటే ముందు మంచం పట్టె చూసినా.
సంచి లేదాడ.
దుప్పటి కింద పెట్టుండారు.
"చుట్టాలు వచ్చిపోయినారక్కా" అనింది ఆయన పెండ్లాం,
నన్ను చూడకుండా.

కిందికి దించి కట్టినా.
ఆయన మొహం గోడకు తిప్పుకున్నాడు.
పాత దిండు గలేబు అడిగి,
సంచి కొలతకు మడిచి, రెండు పక్కలా కుట్టి తొడిగినా.
నీలం పూల గుడ్డ. ఏదో చేతిసంచి తగిలించినట్టుండాది.
చానా సేపటికి ఆయన ఇటు తిరిగినాడు.

రాత్రి సిస్టరుకు ఫోను చేసి చెప్పినా,
ఇది పుస్తకంలో యాడా లేదు గదా అని.
ఉండు, ఉండు, అనింది.
పెన్ను యాడ పెట్టినానో.